నేమ్‌సర్వర్లు మార్చాక ఎంతసేపు ఆగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న వ్యాపారాల సైట్లను ఒక హోస్టింగ్ నుంచి ఇంకో హోస్టింగ్‌కి మార్చే పని నాది. మీ డొమైన్‌కి సైట్, మెయిల్ ఎక్కడున్నాయో అడిగినవాళ్లకు చెప్పే సర్వర్లే నేమ్‌సర్వర్లు. వాటిని మార్చిన రోజు ఫోన్ మోగుతూనే ఉంటుంది. మనుషులు వేరు, ప్రశ్నలు మాత్రం అవే. "48 గంటలు ఆగండి" అని చెప్పి ఫోన్ పెట్టేయడం నాకు ఇష్టం ఉండదు. ఎందుకు ఆగాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ముందుగా జాగ్రత్తపడితే చాలాసార్లు ఆగాల్సిన పనే ఉండదు. అందుకే వీటిని ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అసలు ఏం జరుగుతుంది

48 గంటలు పడుతుందని అందరూ అంటారు. నిజంగా రెండు రోజులు ఆగాలా?

చాలామందికి అక్కర్లేదు. ఒక డాట్ కామ్ డొమైన్‌కి నేమ్‌సర్వర్లు ఏవో చెప్పే రికార్డుకు రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్ల జాబితాను నడిపే సంస్థ) పెట్టిన గడువు 1,72,800 సెకన్లు, అంటే సరిగ్గా 48 గంటలు. డాట్ నెట్‌కీ అంతే. రెండు రోజుల మాట అక్కడి నుంచి వచ్చింది. మీరు మార్చడానికి ఒక్క నిమిషం ముందు ఎవరైనా మీ సైట్ తెరిచారనుకోండి, వాళ్లు వాడే డీఎన్ఎస్ సర్వర్ (సైట్ పేరుకు అడ్రస్ కనుక్కొచ్చేది) ఆ పాత వివరాన్ని రెండు రోజుల దాకా దగ్గర పెట్టుకోవచ్చు. అది గరిష్ఠ గడువు మాత్రమే. అన్‌బౌండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ మార్చకపోతే ఏ జవాబునూ ఒక రోజుకు మించి ఉంచుకోదు. గూగుల్ వాళ్ల 8.8.8.8 అనే డీఎన్ఎస్ సర్వర్ దగ్గర సాధారణంగా ఆరు గంటలకు మించిన గడువు కనిపించదు. నేను చూసినంతలో ఎక్కువమంది మొదటి కొన్ని గంటల్లోనే కొత్త సైట్‌కి వచ్చేస్తారు. రెండు రోజుల లెక్క చివరగా మిగిలే కొద్దిమంది కోసం.

ప్రాపగేషన్ జరుగుతోందని చెప్పారు. మా మార్పు ఇప్పటికి ఎక్కడిదాకా వెళ్లింది?

ఎక్కడికీ వెళ్లదు. చాలా అపోహలకు ఈ మాటే మూలం. మీరు నేమ్‌సర్వర్లు మార్చారన్న కబురు ప్రపంచంలో ఉన్న సర్వర్లకు ఎవరూ పంపరు. మార్పు రిజిస్ట్రీ దగ్గర నమోదవుతుంది, అంతే. డాట్ కామ్‌కి ఇప్పుడది నిమిషాల పని. 2004కి ముందు మాత్రం ఆ జాబితాను రోజుకు రెండుసార్లే కొత్తది చేసేవాళ్లు.

మరి ఆలస్యం ఎక్కడిది? ఇంటర్నెట్ కంపెనీల దగ్గర రిజాల్వర్లని ఉంటాయి. మీ సైట్ అడ్రస్ కనుక్కొచ్చి మన ఫోన్‌కి చెప్పేవి అవే. ఒకసారి తెచ్చుకున్న జవాబును అవి దాచుకుంటాయి. ఆ జవాబుతోపాటు టీటీఎల్ అనే గడువు సెకన్లలో వస్తుంది. అది సున్నా అయ్యాక, ఎవరైనా మళ్లీ మీ సైట్ అడిగినప్పుడు, అప్పుడు వెళ్లి కొత్త జవాబు తెచ్చుకుంటాయి. పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్ఎస్‌ని రూపొందించినప్పటి నుంచీ పద్ధతి ఇదే. అంటే మనం ఎదురుచూసేది కొత్త జవాబు పాకడం కోసం కాదు, పాత జవాబు గడువు తీరడం కోసం. ఇంతకుముందు మీ సైట్‌ని ఎవరూ చూడని నెట్‌వర్క్‌లో మొదటి క్లిక్‌కే కొత్త సైట్ వస్తుంది.

నేమ్‌సర్వర్ మార్చడం, ఏ (A) రికార్డ్ మార్చడం రెండూ ఒకటేనా?

కాదు. సైట్ ఉన్న సర్వర్ నంబరును, అంటే ఐపీ అడ్రస్‌ని, చెప్పేది ఏ (A) రికార్డ్. దాన్ని మారిస్తే ఆ అడ్రస్ ఒక్కటే మారుతుంది. దాని గడువు మీ చేతిలో ఉంటుంది, కావాలంటే ఐదు నిమిషాలకు తగ్గించుకోవచ్చు. నేమ్‌సర్వర్లు మారిస్తే సైట్, మెయిల్, సబ్‌డొమైన్లు, వెరిఫికేషన్ కోసం పెట్టిన టెక్స్ట్ రికార్డులు, అన్నిటి బాధ్యతా కొత్త చోటికి వెళ్లిపోతుంది. పైగా రిజిస్ట్రీ దగ్గరున్న గడువును మీరు మార్చలేరు. సైట్ ఒక్కటే కొత్త సర్వర్‌కి వెళ్తుంటే ఏ (A) రికార్డ్ మార్చి ఊరుకోమనే చెప్తాను. కొత్త హోస్టింగ్ వాళ్లు "మా నేమ్‌సర్వర్లు పెట్టండి" అంటే అది వాళ్లకు సులువు కాబట్టి. అన్నిసార్లూ అవసరం కాదు.

డాట్ కామ్‌కీ డాట్ ఇన్‌కీ పట్టే టైమ్‌లో తేడా ఉంటుందా?

ఉంటుంది. నేమ్‌సర్వర్ రికార్డుకు గడువు పెట్టేది ఆ ఎక్స్‌టెన్షన్‌ని నడిపే రిజిస్ట్రీ. డాట్ కామ్‌ని వెరిసైన్, డాట్ ఇన్‌ని నిక్సీ నడుపుతున్నాయి. తెలుగు లిపిలో రాసే డాట్ భారత్ కూడా నిక్సీదే. ఎవరి గడువు వారిది.

## మార్చే ముందు

ముందే టీటీఎల్ తగ్గిస్తే పని త్వరగా అవుతుందా?

అవుతుంది. అయితే తగ్గించాల్సింది మార్చబోయే నిమిషంలో కాదు. మీ రికార్డుల టీటీఎల్ ఇప్పుడు 86,400 సెకన్లు ఉంటే, అంటే ఒక రోజు, దాన్ని 300 చేసిన తర్వాత కూడా పాత గడువుతో దాచుకున్నవాళ్లు ఇంకో రోజు అలాగే ఉంటారు. కాబట్టి కనీసం ఒక రోజు ముందు తగ్గించాలి, రెండు రోజులైతే ఇంకా మంచిది. హోస్టింగ్‌ని నడుపుకునే సీప్యానెల్‌లో మామూలుగా 14,400 ఉంటుంది, అంటే నాలుగు గంటలు.

పాత జోన్‌లో (పాత నేమ్‌సర్వర్లలో మీ డొమైన్ రికార్డులన్నీ ఉండే జాబితాలో) ఉన్న ఎన్ఎస్ రికార్డుల, అంటే నేమ్‌సర్వర్ల పేర్లు చెప్పే రికార్డుల, టీటీఎల్ కూడా, మార్చనిస్తే, తగ్గించండి. చాలా రిజాల్వర్లు రిజిస్ట్రీ చెప్పిన గడువు కన్నా మీ జోన్‌లో ఉన్న గడువునే లెక్కలోకి తీసుకుంటాయి. అంతా కుదిరాక టీటీఎల్‌ని మళ్లీ గంటకో, నాలుగు గంటలకో పెంచేయండి.

సైట్ ఒక్క నిమిషం కూడా ఆగకుండా మార్చవచ్చా?

మార్చవచ్చు. ఈ పేజీ మొత్తంలో ఒక్క చిట్కా గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. పాత నేమ్‌సర్వర్లు, కొత్త నేమ్‌సర్వర్లు ఒకే జవాబు చెప్పేలా చూడండి.

ముందు కొత్త నేమ్‌సర్వర్లలో మీ రికార్డులన్నీ ఇప్పుడున్నవి ఉన్నట్టే పెట్టండి. ఏ (A) రికార్డ్‌లో కూడా పాత సర్వర్ ఐపీయే. అప్పుడు నేమ్‌సర్వర్లు మార్చండి. ఎవరు పాతవాటిని అడిగినా, ఎవరు కొత్తవాటిని అడిగినా ఒకే సైట్‌కి వెళ్తారు. ఎవరికీ తేడా తెలియదు. రెండు రోజులు గడిచాక ఏ (A) రికార్డ్‌ని కొత్త సర్వర్‌కి తిప్పండి. టీటీఎల్ 300 ఉంటే ఆ మార్పు ఐదు పది నిమిషాల పని.

అంత ఓపిక లేకపోతే కనీసం నేమ్‌సర్వర్లు మార్చిన వెంటనే పాత జోన్‌లోకి కూడా వెళ్లి, అక్కడి ఏ (A) రికార్డ్‌లో కూడా కొత్త ఐపీ పెట్టండి. చాలామంది పాత జోన్ సంగతి మర్చిపోతారు, రెండు రోజుల నిరీక్షణ అక్కడే మొదలవుతుంది.

కొత్త చోట ఏ రికార్డులు పెట్టాలి? సైట్ ఐపీ ఒక్కటి చాలదా?

చాలదు. ఈ పాఠం నాకు బాగా గట్టిగానే తగిలింది. కొన్నేళ్ల క్రితం ఒక చేనేత చీరల దుకాణం సైట్‌ని శుక్రవారం రాత్రి మార్చాను. ఏ (A) రికార్డ్ పెట్టాను, సైట్ తెరుచుకుంది, పడుకున్నాను. మెయిల్ ఎక్కడికి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పెట్టలేదు. ఎంఎక్స్ లేకపోతే మెయిల్ పంపే సర్వర్లు ఏ (A) రికార్డ్ చూపించే చోటికే వెళ్తాయి. కొత్త సర్వర్ "ఇక్కడ అలాంటి ఖాతా లేదు" అని ఒక్కో మెయిల్‌నీ తిప్పి పంపింది. ఆదివారం సాయంత్రం ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి, "మెయిల్ పెడితే వెనక్కి వచ్చింది, షాపు మూసేశారా?" అని అడిగేదాకా మాకు తెలియలేదు. ఆ రెండు రోజుల్లో ఎన్ని ఆర్డర్లు పోయాయో ఇప్పటికీ లెక్క లేదు.

అందుకే పాత జోన్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, ఆ ఆప్షన్ లేకపోతే స్క్రీన్‌షాట్లు తీయండి. ఎంఎక్స్, మెయిల్ నిజంగా మీదేనని తెలిపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, సబ్‌డొమైన్లు, ఒక పేరును ఇంకో పేరుకు తిప్పే సీనేమ్‌లు, గూగుల్ సెర్చ్ కన్సోల్ వెరిఫికేషన్, ఒక్కొక్కటీ ఎదురెదురుగా పెట్టుకుని టిక్ కొట్టండి. ఎక్కువగా మర్చిపోయేది డీకిమ్. అది లేకపోయినా మెయిల్ వెళ్తుంది, కానీ స్పామ్‌లో పడొచ్చు. వెంటనే తెలియదు కాబట్టి ఇంకా ప్రమాదం.

డీఎన్ఎస్‌సెక్ ఆన్‌లో ఉంది. ఏమైనా ఇబ్బందా?

పెద్ద ఇబ్బందే. డీఎన్ఎస్ జవాబు నకిలీది కాదని సంతకంతో సరిచూసే ఏర్పాటు డీఎన్ఎస్‌సెక్. రిజిస్ట్రార్ (మీరు డొమైన్ కొన్న కంపెనీ) దగ్గర డీఎస్ రికార్డ్ ఉంటే, ఈ డొమైన్ జవాబుల మీద ఫలానా తాళంచెవితో చేసిన సంతకం ఉండాలని అర్థం. కొత్త నేమ్‌సర్వర్ల తాళంచెవి వేరు. అప్పుడు 8.8.8.8, 1.1.1.1 లాంటి సంతకం సరిచూసే రిజాల్వర్లు జవాబునే తిరస్కరిస్తాయి. సరిచూడని నెట్‌వర్క్‌లలో సైట్ మామూలుగానే వస్తుంది. కొందరికి రావడం, కొందరికి అసలు తెరుచుకోకపోవడం దీని లక్షణం.

వరుస ఇదీ: ముందు డీఎస్ రికార్డ్ తీసేయండి. డాట్ కామ్‌కి దాని గడువు ఒక రోజు, అది గడవనివ్వండి. తర్వాత నేమ్‌సర్వర్లు మార్చండి. అన్నీ కుదిరాక కొత్త డీఎస్ పెట్టండి. డీఎస్ తీసేస్తే వెంటనే సర్దుకుంటుందని అనుకోవద్దు. 2021 సెప్టెంబర్ 30న స్లాక్ అనే ఆఫీసు చాట్ సర్వీస్‌కి ఇలాగే అయింది. డీఎన్ఎస్‌సెక్ పెట్టే ప్రయత్నంలో సమస్య వచ్చి డీఎస్ వెనక్కి తీసుకున్నారు. పాత డీఎస్‌ని దాచుకున్న రిజాల్వర్ల వెనకున్న యూజర్లకు 24 గంటల దాకా సర్వీస్ అందలేదు.

నేమ్‌సర్వర్లు మార్చకుండానే కొత్త సర్వర్‌లో సైట్ ఎలా ఉందో చూడొచ్చా?

చూడొచ్చు, తప్పకుండా చూడాలి కూడా. మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైల్ ఉంటుంది. విండోస్‌లో సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లో ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కొత్త సర్వర్ ఐపీ, పక్కన మీ డొమైన్ పేరు ఒక లైన్‌లో రాయండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుకు ఇంకో లైన్. ఇక మీ ఒక్క కంప్యూటర్‌కే కొత్త సైట్ కనిపిస్తుంది. ఫారాలు, పేమెంట్ పేజీ అన్నీ చూసుకున్నాక ఆ లైన్లు తీసేయడం మర్చిపోవద్దు.

పాత హోస్టింగ్ ఎప్పుడు ఆపేయాలి?

వారం ఆగండి. డాట్ కామ్‌కి లెక్క ప్రకారం 48 గంటలే, కానీ గడువును సరిగ్గా పాటించని రిజాల్వర్లు కూడా ఉంటాయి. పాత సర్వర్ యాక్సెస్ లాగ్ రోజూ చూడండి. మనుషుల రాక ఆగి, బాట్లు మాత్రమే మిగిలాయని తెలిశాక ఆపండి. పాత మెయిల్‌బాక్స్‌లన్నీ డౌన్‌లోడ్ చేసుకున్నారా అన్నది ఆ రోజు చివరిసారి అడగాల్సిన ప్రశ్న.

## మార్చాక, ఎదురుచూస్తున్నప్పుడు

సేవ్ కొట్టాను. నిజంగా మారిందో లేదో ఎలా తెలుస్తుంది?

డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ (ICANN) సంస్థ లుకప్ పేజీలో మీ డొమైన్ కొట్టి చూడండి. నేమ్‌సర్వర్ల వరసలో కొత్తవి కనిపిస్తే రిజిస్ట్రీ దగ్గర పని అయిపోయినట్టే. మ్యాక్‌లో, లినక్స్‌లో డిగ్ కమాండ్‌ని ట్రేస్ ఆప్షన్‌తో నడిపితే రూట్ సర్వర్ల నుంచి మొదలుపెట్టి ఎవరు ఎవరిని చూపిస్తున్నారో వరసగా కనిపిస్తుంది. దాచుకున్న జవాబులతో దానికి పని లేదు కాబట్టి అది చెప్పిందే నమ్మవచ్చు. గంట తర్వాత కూడా అక్కడ పాతవే ఉంటే ఎదురుచూడొద్దు, రిజిస్ట్రార్‌కి ఫోన్ చేయండి.

ఇంకా ఎంతసేపో ఖచ్చితంగా చెప్పలేరా?

ఒక్కో రిజాల్వర్‌కి ఖచ్చితంగానే చెప్పొచ్చు. డిగ్‌తో 8.8.8.8ని మీ డొమైన్ ఏ (A) రికార్డ్ అడగండి. విండోస్ అయితే పవర్‌షెల్‌లో రిజాల్వ్ డీఎన్ఎస్‌నేమ్ కమాండ్. జవాబులో ఐపీ పక్కన ఒక అంకె ఉంటుంది, 2950 అనుకుందాం. పది సెకన్లు ఆగి మళ్లీ అడగండి. 2940. ఆ పాత జవాబుకి మిగిలిన ఆయుష్షు అది, ఇంకో 49 నిమిషాలు. మూడోసారి అడిగితే హఠాత్తుగా 710 అని రావచ్చు. కంగారు పడొద్దు. 8.8.8.8 వెనక చాలా సర్వర్లు ఉంటాయి, ఒక్కోదాని దగ్గర జవాబు ఒక్కో వేళకి చేరి ఉంటుంది. ఈ అంకె తగ్గడం ఒకసారి కళ్లారా చూసినవాళ్లు మళ్లీ "ఇంకా ఎంతసేపు" అని నన్ను అడగలేదు.

నా ఫోన్‌లో కొత్త సైట్, ఆఫీసు కంప్యూటర్‌లో పాత సైట్. ఇదెలా?

రెండూ వేర్వేరు రిజాల్వర్లను అడుగుతున్నాయి. ఫోన్ మొబైల్ డేటా మీద ఉంది, కంప్యూటర్ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ మీద. ఆఫీసులో రోజంతా మీ సైట్ చూస్తూనే ఉంటారు కాబట్టి అక్కడ పాత జవాబు తప్పకుండా దాచి ఉంటుంది. చిత్రమేమిటంటే, సైట్ ఓనర్‌కే అందరికన్నా ఆలస్యంగా కొత్తది కనిపిస్తుంది. మీకు రాలేదంటే కస్టమర్లకు కూడా రాలేదని అనుకోకండి.

కాష్ క్లియర్ చేస్తే త్వరగా వస్తుందా?

మీ ఒక్కరికి రావచ్చు, లోకానికి కాదు. కాష్, అంటే దాచుకున్న పాత జవాబు, మీ బ్రౌజర్‌లో, కంప్యూటర్‌లో, రౌటర్‌లో, రిజాల్వర్‌లో ఉంటుంది. ముందు ఇన్‌కాగ్నిటో విండోలో చూడండి. తర్వాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్‌ని ఫ్లష్‌డీఎన్ఎస్ ఆప్షన్‌తో నడపండి. రౌటర్ ఒకసారి ఆపి వేయండి. ఫోన్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీసేయండి. అప్పటికీ పాతదే వస్తే అది ఇంటర్నెట్ కంపెనీ రిజాల్వర్‌లో ఉంది.

అందరికీ పనికొచ్చే పని ఒకటుంది. గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్‌కి, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1కి కాష్ తుడిచే పేజీలు ఉన్నాయి, ఎవరైనా వాడొచ్చు. మీ డొమైన్ ఇచ్చి మొదట ఎన్ఎస్, తర్వాత ఏ (A), ఎంఎక్స్ రికార్డులు ఎంచుకుని తుడిచేయండి. ఆ రెంటినీ వాడేవాళ్లు ఎక్కువే కాబట్టి రెండు నిమిషాల శ్రమకు మంచి ఫలితం.

డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి కొత్త సైట్ వచ్చింది, గుంటూరులో మాకు రాలేదు. ఇండియాకి లేటుగా వస్తుందా?

దేశంతో, దూరంతో సంబంధం లేదు. మీ తమ్ముడి నెట్‌వర్క్‌లో ఈమధ్య మీ సైట్ ఎవరూ చూసి ఉండరు, అందుకే మొదటిసారే కొత్త జవాబు తెచ్చుకుంది. మీ కస్టమర్లు గుంటూరు వాళ్లే కాబట్టి అక్కడి రిజాల్వర్లలో పాత జవాబు ఉంది. కస్టమర్లంతా డల్లాస్‌లో ఉంటే కథ తిరగబడేది.

డీఎన్ఎస్ చెకర్ మ్యాప్‌లో సగం చోట్ల ఎర్ర గుర్తులున్నాయి. భయపడాలా?

అక్కర్లేదు. ఆ మ్యాప్ చూపించేది వాళ్లు ఎంచుకున్న కొన్ని రిజాల్వర్లను మాత్రమే. మీ కస్టమర్లు వాటిని వాడకపోవచ్చు. పైగా పేజీని పదేపదే రిఫ్రెష్ చేసినంత మాత్రాన ఒక్క సెకను కూడా తగ్గదు.

ఈ గ్యాప్‌లో వచ్చిన ఆర్డర్లు ఏమవుతాయి?

రెండు సర్వర్లలో రెండు డేటాబేస్‌లు నడుస్తుంటే కొన్ని ఆర్డర్లు ఇక్కడ, కొన్ని అక్కడ పడతాయి. వాటిని తర్వాత కలపడం చాలా కష్టం. మార్చే గంటలో పాత సైట్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టడమో, పాత సైట్ కూడా కొత్త డేటాబేస్‌నే వాడేలా చేయడమో చేయండి. వార్తలు, ఫొటోలు మాత్రమే ఉన్న సైట్‌కి ఈ గొడవ లేదు.

మెయిల్స్ పోతాయా?

సర్వర్ దొరకక ఆగిన మెయిల్స్ పోవు. పంపే సర్వర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని, నాలుగైదు రోజుల దాకా వదిలేయకూడదని ప్రమాణాలు చెప్తున్నాయి. పోయేవి "అలాంటి ఖాతా లేదు" అన్న జవాబు అందుకున్నవి. కాబట్టి నేమ్‌సర్వర్లు మార్చడానికి ముందే కొత్త చోట ప్రతి మెయిల్ ఖాతా తెరిచి ఉంచండి. వారం పాటు పాత మెయిల్‌బాక్స్ కూడా చూస్తూ ఉండండి. పాత హోస్టింగ్ కంపెనీలోనే ఉన్న ఇంకో కస్టమర్ మీకు మెయిల్ పెడితే, మీ డొమైన్ ఇంకా తన దగ్గరే ఉందనుకుని ఆ సర్వర్ పాత పెట్టెలోనే వేసేస్తుంది. పాత ఖాతా తీసేసేదాకా ఇది ఆగదు.

సైట్ వచ్చింది కానీ "నాట్ సెక్యూర్" అంటోంది. ఎందుకు?

కొత్త సర్వర్‌లో ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఇంకా లేదు. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, మీ డొమైన్ కొత్త సర్వర్‌ని చూపిస్తోందని నిర్ధారించుకున్నాకే సర్టిఫికెట్ ఇస్తుంది. రిజిస్ట్రీ దగ్గర మార్పు పడితే మామూలుగా వెంటనే వస్తుంది. రాలేదని బటన్ వరసగా నొక్కొద్దు, గంటలో ఐదుసార్లు విఫలమైతే కాసేపు ఆపేస్తారు. పాత సర్టిఫికెట్‌ని, దాని ప్రైవేట్ కీతో సహా ముందే కొత్త సర్వర్‌లో వేసుకుంటే ఈ ఖాళీయే రాదు.

## గడువు దాటినా రాకపోతే

మూడు రోజులైంది. ఇంకా ఆగమంటున్నారు.

ఆగొద్దు. ఇక అది గడువు సమస్య కాదు, ఎక్కడో తప్పుంది. నేమ్‌సర్వర్ పేరులో అక్షరం తప్పు పడి ఉండొచ్చు. కొత్త చోట మీ డొమైన్‌కి జోన్ తెరవకుండా పేరు మాత్రమే మార్చి ఉండొచ్చు. రెండు కొత్తవి పెట్టి, మూడోదిగా పాతది ఒకటి తీసేయకుండా వదిలి ఉండొచ్చు. ఈ మూడోది ఎక్కువ సతాయిస్తుంది, ఎందుకంటే సైట్ ఒకసారి కొత్తది, ఒకసారి పాతది వస్తుంటుంది. చిన్న కంపెనీల్లో ఇంకోటి చూశాను. హోస్టింగ్ ప్యానెల్‌లో నేమ్‌సర్వర్లు మార్చుకున్నారు, డొమైన్ కొన్నది మాత్రం వేరే చోట. మార్చాల్సింది డొమైన్ కొన్న చోట.

డొమైన్ ఇప్పుడే కొన్నాను, నేమ్‌సర్వర్లూ పెట్టాను. సైట్ దొరకలేదంటోంది.

కొనడానికి ముందు ఖాళీగా ఉందో లేదో చూద్దామని బ్రౌజర్‌లో కొట్టి ఉంటారు. "అలాంటి పేరు లేదు" అన్న జవాబును కూడా రిజాల్వర్లు దాచుకుంటాయి. డాట్ కామ్‌కి అది పావుగంట. టీ తాగి వచ్చి చూడండి.

కొన్నాళ్లు బాగా నడిచి హఠాత్తుగా ఆగితే మాత్రం మీ మెయిల్ వెతకండి. డాట్ కామ్ లాంటి డొమైన్ కొన్న 15 రోజుల్లోపు మెయిల్ అడ్రస్‌ని నిర్ధారించకపోతే డొమైన్ ఆపవచ్చని ఐకాన్ నియమం. ఆ లింక్ నొక్కకుండా వదిలేసినవాళ్లను చాలామందినే చూశాను.

తప్పు నేమ్‌సర్వర్లు వేసి పది నిమిషాల్లో సరిదిద్దాను. గండం గడిచినట్టేనా?

ఎక్కువమందికి గడిచినట్టే. ఆ పది నిమిషాల్లో మీ సైట్ అడిగిన రిజాల్వర్లు మాత్రం తప్పు వివరాన్ని డాట్ కామ్ అయితే 48 గంటల దాకా పట్టుకోగలవు. గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ కాష్‌లు వాళ్ల పేజీల్లో తుడిచేయండి.

కొత్త హోస్టింగ్ బాగాలేదు. నేమ్‌సర్వర్లు వెనక్కి మార్చేస్తే వెంటనే పాత సైట్ వస్తుందా?

రాదు. వెనక్కి మార్చడం కూడా ఒక మార్పే. కొత్త జవాబు దాచుకున్నవాళ్లందరికీ దాని గడువు తీరాలి. ఇంకా పాత జవాబుతోనే ఉన్నవాళ్లకు ఏమీ మారదు, మిగతావాళ్లు మళ్లీ ఎదురుచూడాలి. అందుకే నేమ్‌సర్వర్లను ముట్టుకోకండి. కొత్త జోన్‌లోనే ఏ (A) రికార్డ్‌ని పాత సర్వర్ ఐపీకి తిప్పండి. టీటీఎల్ 300 పెట్టి ఉంటే ఐదు నిమిషాల్లో పాత సైట్ దగ్గర ఉంటారు. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. పాత హోస్టింగ్‌ని ఇంకా ఆపలేదు కదా?